రెండు రాజ్యముల పొలిమేరలో మన ఊరు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఇట్టి ఉత్సవములలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను సాహితీవేత్తను గాను. కార్యవర్గమువారు నా యందలి అభిమానముచేత "మీకు తెలిసిన విషయమునే చెప్పుడు" అని సెలవిచ్చిరి. నాకు తెలిసిన విషయము నీళ్లగొట్టము, మురుగుకాలువ. రైల్వే ఇంజనీరింగు శాఖలో ముప్పదియైదేండ్లు కొలువు చేసితిని. ఆ కాలములో వంతెనలకన్న డ్రైనులనే ఎక్కువ చూచితిని. సాంస్కృతిక సంఘపు వేదికమీద మురుగు ముచ్చట యేమిటని ఎవరైనను ముక్కు మూసికొన్నచో నేను నొచ్చుకొనను. అలవాటైన సంగతియే.

అయినను ఒక్క మనవి. మన పెద్దలు సప్తసంతానములని చెప్పిరి. కన్నబిడ్డ యొకటి, తక్కినవి చెరువు, గుడి, తోట, కావ్యము, నిక్షేపము, అగ్రహారము. కావ్యమును చెరువును ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన జాతి మనది. కావున నీటిని గూర్చి చెప్పుట ఈ వేదికకు అపచారము కాదని నమ్మి మొదలుపెట్టుచున్నాను.

కడప జిల్లాలో పోరుమామిళ్ల అను ఊరు కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, ఇతనికే భవదూరుడని మరియొక పేరు, అచ్చట పెద్ద చెరువు కట్టించి, క్రీ.శ. 1369 లో సంస్కృతమున శిలాశాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసిన మీదట కట్ట పూర్తియైనదని అందులో చెప్పబడినది. ఆ శాసనములో నన్ను మిక్కిలి ఆకర్షించినది మరియొక భాగము. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములను, ఉండకూడని ఆరు దోషములను శాసనకర్త వరుసగా చెప్పినాడు. గట్టి నేల, తియ్యని నీరు తెచ్చు నది, కట్టకు ఆనుకొనుటకు కొండలు, మంచి రాయి దొరకు గని, పని తెలిసిన మనుష్యులు, జలశాస్త్ర మెరిగిన పండితుడు, ధర్మబుద్ధిగల ప్రభువు, ఇవి సాధనములలోనివి. కట్టలో నీరు ఊరుట, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై పొలము తక్కువగుట, ఇవి దోషములు. ఇంకొక దోషము కలదు. అది రెండు రాజ్యముల పొలిమేరలో చెరువు ఉండుట.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది. తక్కినవన్నియు మట్టికి, రాతికి, నీటికి సంబంధించినవి. ఇది ఒక్కటి మనుష్యులకు సంబంధించినది. కట్ట ఎంత గట్టిగా కట్టినను, ఒక ప్రక్క ఒక దొర, మరియొక ప్రక్క మరియొక దొర ఉన్నచో మరమ్మతు ఎవరు చేయవలెను? గండి పడినప్పుడు ఎవరు పరుగెత్తవలెను? ఇద్దరును రెండవవాడు చూచుకొనునని ఊరకుందురు. నీరు ఊరకుండదు. ఆరువందల యేబది యేండ్ల క్రిందటి ఇంజనీరు ఈ సంగతిని కట్ట ఊరుటతో సమానమైన దోషముగా లెక్కించెను. నేటి నా ప్రసంగమంతయు ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానము. ఏలయనగా మన బిలాస్‌పూర్ రెండు రాజ్యముల పొలిమేరలో నున్న ఊరు.

ఈ ఊరికి ఆ పేరు బిలాస అను బెస్త స్త్రీ వలన వచ్చినదని ఇచ్చటివారు చెప్పుకొందురు. అర్పా నదిలో చేపలు పట్టి జీవించిన ఇల్లాలి పేర ఊరు వెలసినదనుట ఎంత సొగసైన గాథ! నగరపు విమానాశ్రయమునకు కూడ నేడు ఆమె పేరే పెట్టినారు. జూనా బిలాస్‌పూర్ అని నేటికిని పిలువబడు పాత ఊరు ఆ నదినే నమ్ముకొని పెరిగినది. 1887 లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. నాగపూరు నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ చేరు ప్రధానమార్గము 1891 లో తెరవబడినది. కట్నీ వైపు శాఖ ఇచ్చటనే చీలుటచే ఊరు జంక్షనయినది. ఇంజనులకు షెడ్డు, పనివారికి క్వార్టర్లు, దొరలకు బంగళాలు లేచినవి. ఇరువదవ శతాబ్దారంభమున తూర్పుతీరపు మార్గములో ఉత్తరభాగము వాల్తేరు దాక అదే కంపెనీ చేతికి వచ్చినది. 1931 లో రాయపూర్-విజయనగరము మార్గము పూర్తియైనది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మన తాతతండ్రులు ఈ పట్టాలవెంటనే బయలుదేరిరి. ఫైర్‌మెన్లుగా, గ్యాంగుమెన్లుగా, గుమాస్తాలుగా ఖరగ్‌పూరునకును, ఈ ఊరికిని వచ్చి స్థిరపడిరి. ఈ సభలో సగముమంది ఆ ప్రయాణపు ఫలమే.

ఆ విధముగా ఒక్క పేరుతో రెండూళ్లు వెలసినవి. ఒకటి రైల్వేవారిది, రెండవది మునిసిపాలిటీవారిది. మనది వరుస తప్పని వీథులు, ఇంటింటికి పెరడు, వీథివీథికి కాలువ, నెత్తిమీద నీళ్లట్యాంకు. అవతలిది గోండ్‌పారా, జూనా బిలాస్‌పూర్ వంటి ఇరుకు వాడలు, పాత చెరువులు, ఎవరికి వారు త్రవ్వుకొన్న బావులు. రెండింటి మనుష్యులు బుధవారీ బజారులో కూరగాయల యొద్ద కలిసికొనుచునే యున్నారు. రెండింటి నక్షాలు మాత్రము ఒక్క బల్లమీద కలిసికొనుట అరుదు.

రైల్వేవారికి ముందుచూపు ఎక్కువయై కాలనీ చక్కగా కట్టిరని మనము గర్వించుట కలదు. నిజము కొంత వేరు. ఆవిరియింజను దాహము చాల పెద్దది. ఒక పెద్ద బ్రాడ్‌గేజ్ ఇంజను టెండరులో సుమారు ఇరువదివేల లీటర్ల నీరు పట్టును. దూరప్రయాణములో అది ఒక్కమారు చాలదు. కావున జంక్షను పెట్టదలచినచోట కంపెనీవారు మొదట నీటిని వెదకిరి. ఇంజనుకై తెచ్చిన నీటిలో మిగిలినది మనుష్యులకు వచ్చినది. నీరు వచ్చినచోట మురుగు కూడ పుట్టును గనుక కాలువలు త్రవ్విరి. ఇంజనీరు నీటిని తెచ్చుటలో ఎంత దూరమైనను చూచెను. మురుగును పంపుటలో ప్రహరీగోడ దాకనే చూచెను.

ఈ మాట ఇతరులమీద నెపము పెట్టుటకు చెప్పుచున్నది కాదు. ఆ తప్పు నేను నా చేతులార చేసితిని. ఊరి పేరు చెప్పను; అది బిలాస్‌పూర్ కాదు. ఉద్యోగములో చేరిన మూడవ ఏట ఒక కాలనీకి కొత్తగా డ్రైను వేయు పని నాకు అప్పగించిరి. లెవెలు పట్టి, వాలు చూచి, ఎస్టిమేటు మించకుండ, గడువుకు ముందే పూర్తి చేసితిని. పై అధికారి భుజము తట్టెను. కాలువ చివర ప్రహరీగోడలో రెండడుగుల కన్నము పెట్టితిని. గోడ అవతల ఏమున్నదో నా డ్రాయింగులో లేదు. ఏలయనగా అది మన భూమి కాదు.

ఆషాఢమాసపు మొదటి పెద్దవాన రాత్రి గోడ అవతల నున్న గుడిసెలలో మోకాలిలోతు నీరు నిలిచినది. కాలనీ వాననీరు, వంటిండ్ల నీరు, మరుగుదొడ్ల తొట్లు పొంగిన నీరు, అన్నియు కలిసి ఆ కన్నము గుండ పోయినవి. మరునాడు ఒక నడివయసు స్త్రీ తడిసిన చీరతోనే ఆఫీసు గుమ్మములో నిలుచుండెను. ఆమె మనదేశపుది, మగడు గ్యాంగులో కూలీగా వచ్చి పోయినాడట. నేను తెలుగువాడనని ఎవరో చెప్పగా వచ్చినది. కేకలు వేయలేదు. "బాబూ, మీ గోడ కాడ మీ కాలవ ఆగిపోనాది గానీ, నీళ్లు ఆగనేదు కదేటి" అన్నది. నేను సమాధానము చెప్పలేకపోతిని. నేటికిని చెప్పలేను.

కాలువను దగ్గరి వాగు దాక పొడిగించుటకు నేను ప్రతిపాదన పంపితిని. భూమి ఒక కార్యాలయము వారిది, నీరు మరియొక కార్యాలయము వారిది. ఉత్తరములు నడచినవి. ఎవరును చెడ్డవారు కారు. ప్రతి ఉత్తరములోను న్యాయమే ఉన్నది. మూడు వర్షకాలములు గడచినవి. నాకు బదిలీ అయినది. పోరుమామిళ్ల శాసనము చదివినది ఆ తరువాతనే. ముందే చదివియున్నచో ఆ కన్నము పెట్టుటకు నా చేయి వణకియుండెడిది.

"నీరు పల్లమెరుగు" అను సామెత మనకు ఉన్నది. బిలాస్‌పూర్‌లో ఆ పల్లము అర్పా నది. పేండ్రా ప్రాంతమున పుట్టి, ఈ ఊరిగుండ ప్రవహించి, శివనాథ్ నదిలో కలిసి, దానితో మహానదికి చేరు ఏరు ఇది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతములో అన్నిటికన్న ముందు వినవచ్చు పేరు ఈ నదిదే. అయినను ఇది వాననీటి నది. శీతకాలము గడచునప్పటికి సన్ననగును. ఎండకాలమున ఇసుక మిగులును.

ఇప్పుడు చిన్న లెక్క చెప్పెదను. పిల్లలు కూడ వేయవచ్చును. మురుగుకాలువలున్న నగరములో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు ఇయ్యవలెనని మన దేశపు ప్రమాణము. అందులో నూటికి ఎనుబది వంతులు మురుగై తిరిగివచ్చునని లెక్క. 2011 జనాభా లెక్కలలో బిలాస్‌పూర్ నగరజనము మూడు లక్షలకు మించియున్నది. మూడు లక్షలనే పట్టుకొందము. దినమునకు నాలుగు కోట్ల లీటర్ల నీరు కావలెను. మూడు కోట్ల ఇరువది లక్షల లీటర్లకు పైగా మురుగు పుట్టును. నగరము ఆ తరువాత ఎంతో పెరిగినది. 2019 లో తిఫ్రా, సిర్గిట్టీ, సకరీ పట్టణములు, మరికొన్ని గ్రామములు కార్పొరేషనులో కలిసినవి. మురుగు కూడ కలిసినది.

పారు నీరు కొంత మురుగును తనంతట తాను శుద్ధి చేసికొనగలదు. గాలిలోని ప్రాణవాయువు నీటిలో కరగి, సూక్ష్మజీవులు మలినమును తిని, కొంత దూరము పోవునప్పటికి నీరు తేరుకొనును. అందుకు పారుదల కావలెను. ఎండకాలపు అర్పాలో పారుదల లేదు. కాలువలు పోసిన మురుగే అప్పుడు నదియగును. అందుచేతనే శుద్ధిచేయని మురుగును గూర్చియు, అక్రమముగా ఇసుక త్రవ్వుటను గూర్చియు హైకోర్టు విచారణ చేయవలసి వచ్చినది. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దము చివర భూగర్భ మురుగుకాలువల పని మొదలుపెట్టిరి. వీథులు త్రవ్వి, పూడ్చి, మరల త్రవ్వి, ఆ పని ఏండ్ల తరబడి సాగిన సంగతి ఇచ్చట కాపురమున్న మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇసుక మాట వచ్చినది గనుక ఒక కథ. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మన తెలుగు పూర్వులు గలవారు. యువకుడుగా ఉన్నప్పుడు, 1890 దశకములో, సింధు ప్రాంతపు సుక్కూరు పట్టణమునకు నీటి వసతి కల్పింప వెళ్లిరి. సింధునది నీరు బురద. వడపోత తొట్లు కట్టుటకు మునిసిపాలిటీ యొద్ద డబ్బు లేదు. ఆయన నది పడకలోనే ఒడ్డుదాపున బావి దింపించిరి. నది నీరు ఇసుక గుండ ఊరి, తేరుకొని బావిలోనికి వచ్చినది. నది ఇసుక వట్టి ఇసుక కాదనియు, అది నీటిని దాచు గాదె, వడకట్టు గుడ్డ కూడ ననియు ఈ కథ చెప్పుచున్నది. అర్పా ఇసుక లారీలకెక్కి పోవునప్పుడు ఊరి బావులలోని నీరు కూడ దానివెంట పోవుచున్నది. ఆ ఇసుకతో కట్టిన ఇంటికి బోరు మరి కొన్ని అడుగులు లోతు త్రవ్వవలసి వచ్చును.

నది ఒడ్డున ఉన్న ఊరు నేడు నీటికై దూరము చూచుచున్నది. అమృత్ పథకము క్రింద, రతన్‌పూర్ దాపున ఖారంగ్ నదిపై బ్రిటిషువారి కాలమున సేద్యమునకై కట్టిన ఖూటాఘాట్ జలాశయమునుండి గొట్టములు వేసి నగరమునకు నీరు తెచ్చుపని చేపట్టిరి. అవసరము గొప్పది; కాదనను. కాని రైతు నీటిని ఊరు త్రాగి, త్రాగిన నీటిని మురుగుగా నదిలో విడిచినచో, ఆ లెక్క ఎంతకాలము సరిపోవును? అదే రతన్‌పూర్ కలచూరి రాజుల రాజధాని. ఊరినిండ చెరువులు త్రవ్వించిన ప్రభువులు వారు. కాకతీయుల రామప్ప, పాఖాల, లక్నవరము చెరువులను చూచినవారికి ఆ పద్ధతి క్రొత్త గాదు. పడిన వానను పడినచోటనే నిలుపుట ఆ పద్ధతి. బిలాస్‌పూర్‌లో కూడ చెరువులు కలవు. వానిని పూడ్చి ఇండ్లు కట్టినచోట, వానకాలమున నీరు తన పాత ఇంటిని వెదకికొని వచ్చును.

హైదరాబాదు కథ మనకు గుణపాఠము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలమందిని బలిగొన్నది. నిజాము ప్రభుత్వము మరుసటి యేట విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన ఊరిలో గోడలు కట్టుటతో తృప్తిపడక, ఊరికి ఎగువన జలాశయములు కట్టవలెనని చెప్పిరి. 1920 లో ఉస్మాన్‌సాగర్, 1927 లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. మురుగుకాలువలకు కూడ ఆయన ప్రణాళిక ఇచ్చిరి. వరద భయము తగ్గినది, త్రాగునీరు వచ్చినది. కాని నగరము పదింతలై పెరిగినకొలది, దిగువ మూసీలో ఇండ్ల మురుగు, కర్మాగారముల మురుగు పడి, ఆ నది ఏమైనదో మనమందరము చూచుచున్నాము. ఎగువ చూచి దిగువ మరచినచో ఎంతటి ఇంజనీరు పనియైనను సగమే ఫలించును.

రైలుకట్టను గూర్చి కూడ ఒక మాట. పట్టాలు వేయుటకు మనము భూమిమీద కట్ట పోసెదము. మన కంటికి అది దారి. నీటి కంటికి అది ఆనకట్ట. కట్టకు మట్టి తీసిన గుంతలలో నీరు నిలిచి దోమలు పెరుగును. మలేరియా దోమ వలన వచ్చునని రొనాల్డ్ రాస్ 1897 ఆగష్టు 20 న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. వంగదేశపు ఆరోగ్యశాఖాధిపతి బెంట్లీ, రైలుకట్టలు, రోడ్డుకట్టలు సహజమైన పారుదలను అడ్డగించుటకును, మలేరియాకును గల సంబంధమును 1925 లో గ్రంథముగా వ్రాసెను. దీనికి మందు మనము ఎరిగినదే, కల్వర్టు. తగినచోట, తగిన వెడల్పున, పూడిక తీసిన కల్వర్టు. కట్టకు ఒక ప్రక్క మన గ్యాంగు పూడిక తీసి, మరియొక ప్రక్క కాలువ చెత్తతో నిండియున్నచో ఆ కల్వర్టు మూసినట్లే. ఇదియే రెండు రాజ్యముల దోషము.

మన సభలో కేంద్రప్రభుత్వోద్యోగులు చాలమంది కలరు గనుక చట్టపు సంగతి కూడ చెప్పెదను. రాజ్యాంగము 285 వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వపు ఆస్తిమీద రాష్ట్రముగాని స్థానికసంస్థగాని, పార్లమెంటు సమ్మతి లేక, పన్ను వేయరాదు. చాలమంది ఇంతటితో చదువుట ఆపెదరు. 2009 లో రాజ్‌కోట్ మునిసిపల్ కార్పొరేషను వ్యాజ్యములో సుప్రీముకోర్టు ముందు ఒక ఏర్పాటు కుదిరినది. పన్ను లేకున్నను సేవలకు మూల్యము కలదు. నగరసేవలన్నియు పొందుచున్నచో ఆస్తిపన్నులో నూటికి 75 వంతులు, కొన్ని మాత్రమే పొందుచున్నచో 50 వంతులు, ఏమియు పొందనిచో మూడవవంతు సేవారుసుముగా చెల్లింపవలెను. ఏమియు పొందనివారు కూడ మూడవవంతు ఏల చెల్లింపవలెనో ఆలోచింపుడు. మన కాలనీలో వారి ఊడ్పు లేకపోవచ్చును. మన ఉద్యోగులు వారి రోడ్డుమీద నడచుచునే యుందురు, మన మురుగు వారి నదిలో పడుచునే యుండును. 1993 లో అమలునకు వచ్చిన 74 వ రాజ్యాంగ సవరణ నగరముల బాధ్యతలను పదునెనిమిదిగా లెక్కించినది. నగర ప్రణాళిక, నీటిసరఫరా, పారిశుద్ధ్యము అందులోనివే. బాధ్యత ఇచ్చిన చట్టమునకు సరిపడ ధనము, పని తెలిసిన మనుష్యులు కూడ తోడు కావలెను. పోరుమామిళ్ల శాసనమునకు ఈ మాట కూడ తెలియును.

2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడి హైకోర్టు ఇచ్చట వెలసినది. 2003 ఏప్రిలులో ఆగ్నేయ మధ్య రైల్వే అను ప్రత్యేక జోను ఈ ఊరు కేంద్రముగా ప్రారంభమైనది. 2017 లో స్మార్ట్ సిటీల జాబితాలో బిలాస్‌పూర్ చేరినది. ఊరికి గౌరవము పెరిగినది. గౌరవముతో మేడలు పెరుగును, కార్లు పెరుగును, సిమెంటు గచ్చు పెరుగును. గచ్చుమీద పడిన వాన భూమిలోనికి ఇంకదు. స్మార్ట్ అను మాటకు నాకు తెలిసిన అర్థము ఒక్కటే: వాన వెలిసిన గంటకు ఏ గుడిసెలోను నీరు నిలువకుండుట.

ఇక మనము చేయదగినది ఏమి? విమర్శించి కూర్చుండుట తేలిక. నేను మూడు మనవులు చేసెదను.

మొదటిది ఇంజనీరు సోదరులకు. రైల్వేవారి డ్రైను నక్షాను, కార్పొరేషనువారి డ్రైను నక్షాను ఒక్క కాగితముమీద, ఒక్క లెవెలు గుర్తునుండి గీయుడు. ప్రతి కాలువను అర్పా దాక, శుద్ధికేంద్రము దాక చూపుడు. గోడ యొద్ద ఆగిన గీత ఏదియు ఆ నక్షాలో ఉండకూడదు. వర్షకాలమునకు ముందు కల్వర్టుల రెండు ప్రక్కల పూడిక ఒక్క వారములోనే, ఇద్దరును కలిసి తీయవలెను. ఇందుకు పెద్ద నిధి అక్కరలేదు. ఒక ఉమ్మడి తనిఖీ, ఇద్దరి సంతకములు చాలును.

రెండవది గృహస్థులకు. ఈ ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 1200 మిల్లీమీటర్ల వాన కురియును. ఏబది చదరపు మీటర్ల ఇంటికప్పుమీద ఆ లెక్కన అరువదివేల లీటర్లు పడును. ఆవిరియై, చింది పోయినది అయిదవవంతు తీసివేసినను నలుబదియెనిమిదివేల లీటర్లు మిగులును. నలుగురున్న ఇంటికి దినమునకు 540 లీటర్ల చొప్పున ఇది సుమారు 89 దినముల నీరు. మొదటి వాననీటిని విడిచిపెట్టి, తరువాతి నీటిని కంకర, బొగ్గు, ఇసుక పరచిన గుంతలోనికి దింపినచో భూమిలోని నీరు పెరుగును. ఆ గుంత మరుగుదొడ్డి తొట్టికి దూరముగా ఉండవలెను. వాననీటి గొట్టమును మురుగు గొట్టములో కలుపరాదు. క్వార్టరు మనది కాదుకదా యందురేమో. పెరటిలో గోంగూర మడి, మునగచెట్టు, కరివేపచెట్టు లేని తెలుగువారి క్వార్టరును నేను చూడలేదు. మూడేండ్లలో బదిలీ యగునని తెలిసియు మన తల్లులు కరివేపమొక్క నాటుట మానలేదు. ఆ కూర తరువాత వచ్చినవారు తినిరి. నీటి విషయమున కూడ ఆ బుద్ధియే కావలెను. బియ్యము, కూరలు కడిగిన నీరు ఆ మడికి పోయినంత మేర అర్పాకు భారము తగ్గును.

మూడవది మన సంఘమునకు. ప్యాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు 1915 ప్రాంతమున మదరాసు రాజధానిలోని పట్టణములను తిరిగి చూచి, తరువాత ఇందూరు నగరమునకు ప్రణాళిక వ్రాసెను. ఆ నివేదిక 1918 లో వెలువడినది. పాతవాడలను కూల్చివేయక, అవసరమైన కొలది మాత్రమే కోత పెట్టి బాగుచేయవలెనని ఆయన సిద్ధాంతము. ఇందూరులో దీపావళి ఊరేగింపు ఏ వీథుల గుండ పోవలెనో, వీథులవారు తమ ఇండ్లు వాకిండ్లు శుభ్రము చేసికొనుటను బట్టి నిర్ణయింతుమని ఆయన చాటించినట్లు ప్రసిద్ధమైన కథ కలదు. ఊరేగింపు తమ వాడకు రావలెనను ఉత్సాహముతో ఊరు ఊరంతయు శుభ్రమైనదట. పండుగకు ఎంత బలమున్నదో ఆ పరదేశీయుడు గ్రహించెను, మనము గ్రహింపవద్దా?

తోర్వా రేవులో ఉత్తరదేశపు సోదరులు ఛఠ్ పండుగకు వేలాదిగా నదిలో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిత్తురు. కార్తీకమాసమున మన ఆడపడుచులు అదే నదిలో దీపములు విడుతురు. ఇద్దరి దేవుడును ఆ నీటిలోనే యున్నాడు. ఈ సంవత్సరము మొదలు, కార్తీకమునకు ముందు ఒక ఆదివారము, మనము కాలనీలోని ఒక కాలువ వెంట నది దాక నడచి చూతము. పిల్లలను కూడ తీసికొనిపోదము. ఎచ్చట పూడినదో, ఎచ్చట విరిగినదో, ఏ గోడ యొద్ద ఆగినదో వ్రాసి, ఆ పత్రము రైల్వేవారికి ఒకటి, కార్పొరేషనువారికి ఒకటి, ఒకే దినమున ఇత్తము. మరుసటి యేడు అదే కాలువ వెంట మరల నడుతము. పూర్వము ఎక్కడ గుడిసెలో నీరు నిలిచినదో అచ్చటివారిని అడిగి, నిలుచుట తగ్గినదో లేదో వారి నోటనే విందము. ఆ నడకకు వచ్చుటకు నాకు కాళ్లున్నవి. ఆనాడు గుమ్మములో నిలుచున్న తల్లికి నేను బాకీ యున్న సమాధానము బహుశః అచ్చట దొరకవచ్చును.

మనము ఈ ఊరికి అతిథులమై వచ్చి మూడు నాలుగు తరములైనది. మన పిల్లలు ఛత్తీస్‌గఢీ మాటలాడుచున్నారు, మన వృద్ధుల చితాభస్మము ఈ నదిలో కలిసినది. ఇంకను పొలిమేరకు ఇవతలనే నిలిచి అవతలిది పరరాజ్యమనుకొనుట తగదు. రాజ్యములను ఏకము చేయుట మనవంటివారికి శక్యము కాకపోవచ్చును. గోడలోని కన్నము అవతలికి తొంగిచూచుట శక్యమే.